యాభై హెర్ట్జుల మారియో

పిడుగురాళ్లలో మారియో టోక్యోలో కంటే నిదానంగా పరిగెత్తాడు. కాస్త పొట్టిగా కూడా ఉన్నాడు. వెనక మోగే పాట గొంతు కూడా వేరు. 1990లలో టీవీ ముందు బాసింపట్లు వేసుకుని ఆడిన పిల్లలకు ఈ సంగతి తెలియదు. తెలియాలంటే జపాన్ పెట్టె ఒకటి పక్కన పెట్టి చూసుకోవాలి, అది ఊళ్లో లేదు. ముప్పై ఏళ్ల తరువాత ఇప్పుడు ఆ పాత ఆట యంత్రాలను కొత్త చిప్పుల మీద, గోడంత హెచ్‌డీ టీవీల కోసం మళ్లీ కడుతున్నారు. కట్టేవాళ్లంతా ఒకే మాట చెబుతారు: అచ్చం అసలు యంత్రంలాగే నడుస్తుందని. అసలు యంత్రమంటే ఏది? క్యోటోలో నింటెండో తయారు చేసినదా, పల్నాడు పిల్లల చేతికి వచ్చినదా? అవి రెండూ ఒకటి కావు. తేడా ఎంతో అంకెల్లో కొలవచ్చు, కొలిచినదాన్ని తిరిగి బతికించవచ్చు కూడా.

నింటెండో 1983 జులై 15న జపాన్‌లో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అమెరికాకు అది 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో వెళ్లింది. మన ఊళ్లకు చేరినవి వాటికి నకళ్లు, అంటే క్లోన్లు. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ అని అట్టపెట్టె మీద ఏ పేరున్నా లోపలి పని ఒకటే. జనం దాన్ని వీడియో గేమ్ అనో టీవీ గేమ్ అనో అన్నారు. మిరపకాయలు కళ్లాల నుంచి గుంటూరు యార్డుకు తరలిపోయి, బడులు మూసే వేళకు పట్నాల్లో ఈ పెట్టెలకు గిరాకీ వచ్చేది. కొన్నవాళ్లు కొన్నారు, మిగిలినవాళ్లు గంటల లెక్కన డబ్బిచ్చి ఆడారు. యాంటెన్నా పిన్ను టీవీ వెనక గుచ్చి, బొమ్మ దొరికేదాకా ఛానల్ ట్యూన్ చేసేవాళ్లు. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, సర్కస్, కార్ల ఆట. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉన్నా లోపల ఉండేవి కొన్నే, అవే మళ్లీ మళ్లీ వేరే స్టేజి నుంచి మొదలయ్యేవి.

బొమ్మ రాకపోతే క్యాసెట్ బయటికి తీసి పిన్నుల మీద గట్టిగా ఊది మళ్లీ గుచ్చడం ఊరూరా ఉన్న వైద్యం. పిడుగురాళ్ల సున్నం బట్టీల ఊరు కాబట్టి గాలిలో దుమ్ము ఉన్న మాట నిజమే. కానీ బొమ్మను తెప్పించింది ఊపిరి కాదు. క్యాసెట్ తీసి పెట్టడంలో రాగి పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని, పైనున్న పొర గీసుకుపోయి, కరెంటుకు దారి దొరికింది. ఊపిరిలోని తేమ మాత్రం మెల్లగా ఆ పళ్లను తినేసింది. ఈనాటికీ పాత క్యాసెట్ చేతిలో ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి, ఊదకండి.

కాలాన్ని నడిపిన స్ఫటికం

ఫ్యామికామ్‌లో లోపలెక్కడా వేళ చెప్పే గడియారం లేదు. దాని బోర్డు మీద సెకనుకు దాదాపు 2 కోట్ల 14 లక్షల 77 వేల సార్లు కంపించే స్ఫటికం ఒకటి ఉంది. ఆ అంకెను ఊరికే ఎంచుకోలేదు. జపాన్, అమెరికా టీవీలు వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగును మోసుకొచ్చే తరంగం పౌనఃపున్యం 3.58 మెగాహెర్ట్జులు. దానికి సరిగ్గా ఆరు రెట్లు ఈ స్ఫటికం. రంగుకు ఒకటి, లెక్కలకు ఒకటి, బొమ్మకు ఒకటి అని మూడు స్ఫటికాలు కొనే ఖర్చు లేకుండా ఒక్కదానితోనే సరిపెట్టారు. దాన్ని 12తో భాగిస్తే ప్రాసెసర్ వేగం, 1.79 మెగాహెర్ట్జులు. 4తో భాగిస్తే బొమ్మ గీసే చిప్పు వేగం, 5.37 మెగాహెర్ట్జులు. బొమ్మ చిప్పు ఒక్కో గీతకు 341 చుక్కల కాలం, ఒక్కో ఫ్రేముకు 262 గీతలు తీసుకుంటుంది. భాగించి చూస్తే సెకనుకు 60.1 ఫ్రేములు.

ఆటకు కాలమంటే ఈ ఫ్రేములే. బొమ్మ పూర్తికాగానే బొమ్మ చిప్పు ప్రాసెసర్‌ను పిలుస్తుంది, ప్రాసెసర్ మారియోను ఒక అడుగు జరుపుతుంది, పాటను ఒక మెట్టు ముందుకు నడుపుతుంది. తరువాతి పిలుపు వచ్చేదాకా ఇంకో అడుగు పడదు.

భారతదేశంలో టీవీ పాల్ పద్ధతిది: 625 గీతలు, సెకనుకు 50 క్షేత్రాలు (ఒక్కో క్షేత్రంలో సగం గీతలే). రంగు తరంగం 4.43 మెగాహెర్ట్జులు. ఇక్కడి టీవీలో రంగు రావాలంటే యంత్రంలోని స్ఫటికం మారాలి. దీనికి యూరప్ కోసం నింటెండో చేసిన సవరణ ఒక దారి, తైవాన్ చిప్పు కంపెనీ యూఎంసీ క్లోన్ల కోసం చేసినది ఇంకో దారి. ఇద్దరూ 26.6 మెగాహెర్ట్జుల స్ఫటికమే పెట్టారు, అంటే 4.43కి ఆరు రెట్లు. నింటెండో దాన్ని ప్రాసెసర్ కోసం 16తో భాగించింది, వచ్చింది 1.66. యూఎంసీ 15తో భాగించింది, వచ్చింది 1.77. చూడటానికి చిన్న తేడా, కానీ నాకు ఇందులో గొప్ప తెలివి కనిపిస్తుంది. 15తో భాగిస్తే ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోగా బొమ్మ చిప్పు సరిగ్గా మూడు చుక్కలు వేస్తుంది, జపాన్ యంత్రంలోలాగే. జపాన్ ఆటలు ఆ మూడుకు ఒకటి లెక్కను నమ్ముకుని రాసినవి. యూరప్ యంత్రంలో ఆ లెక్క 3.2 అయింది, అందుకే జపాన్ క్యాసెట్లలో కొన్ని అక్కడ తడబడ్డాయి. తైవాన్ చిప్పులు యూరప్ ఆటల కోసం కాదు, జపాన్ క్యాసెట్లను పాల్ టీవీల మీద నడపడానికి పుట్టినవి. ఫ్రేములో గీతలు 262 నుంచి 312 కావాలి కదా, ఆ అదనపు 50 గీతలనూ బొమ్మ పూర్తయిన తరువాత, ప్రాసెసర్‌ను పిలవక ముందు ఖాళీగా పెట్టారు. పిలుపు తరువాత జరిగేదంతా జపాన్ యంత్రం కొలతలోనే జరిగింది. ఆ 50 గీతల కాలంలో ప్రాసెసర్‌కు ఫ్రేముకు దాదాపు 5,700 అడుగుల అదనపు వ్యవధి కూడా దొరికింది. కాంట్రాలో తెర నిండా గుండ్లు ఎగిరేటప్పుడు జపాన్ యంత్రం ఊపిరి సలపక తడబడే చోట క్లోన్‌కు కొంచెం వెసులుబాటు ఉండేది.

ఫ్రేములు మాత్రం 60 నుంచి 50కి పడ్డాయి. ఆట మొత్తం ఆరింట అయిదు వంతుల వేగంతో నడిచింది. మారియో మొదటి స్టేజిలో పైన 400 అని టైము కనిపిస్తుంది. ఆ అంకె ఒకటి తగ్గడానికి 24 ఫ్రేములు పడుతుంది. అంటే 9,600 ఫ్రేములు. జపాన్ పిల్లవాడికి అది 160 సెకన్లు, మన పిల్లవాడికి 192. గోతి మీదుగా గెంతడానికి మీట నొక్కాల్సిన క్షణం కూడా అంతే మేర సాగింది. మనకు అలవాటైన ఆ క్షణం వేరు. అరవై ఫ్రేముల యంత్రం మీద తొలిసారి ఆడిన మనవాళ్లు ముందే గోతిలో పడిపోవడానికి కారణం వయసు మీద పడటం ఒక్కటే కాదు.

పొట్టితనానికి లెక్క ఇంకా తేలిక. పాల్ టీవీలో ఒక క్షేత్రానికి కంటికి కనపడే గీతలు 288. ఆట గీసేది 240. మిగిలిన 48 గీతలు పైనా కిందా నల్లగా ఉండిపోతాయి. వెడల్పు దాదాపు మారలేదు, ఎత్తు ఆరో వంతు తగ్గింది. మన మారియో బొద్దుగా కనిపించింది అందుకే. తెర మీద నల్లపట్టీ చూసి చిరాకుపడిన ఇంటివాళ్లు మెకానిక్ చేత టీవీలో ఎత్తు పెంచే మీట తిప్పించుకుంటే, ఆ రాత్రి వార్తలు చదివేవాళ్ల తలలు సాగిపోయేవి.

గొంతు విషయం నాకు అన్నింటికంటే ఇష్టమైనది. పాట నడక ఫ్రేములను బట్టి ఉంటుంది కాబట్టి ఆరో వంతు నెమ్మదించింది. స్వరం ఎత్తు మాత్రం ప్రాసెసర్ వేగాన్ని బట్టి ఉంటుంది. 1.79 నుంచి 1.77కి తగ్గితే స్వరం దిగేది పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరంలో ఆరో వంతే, మామూలు చెవికి తెలియదు. అదే యూరప్ యంత్రంలో, ఆట రాసినవాళ్లు సర్దకపోతే, స్వరం ఒక మెట్టుకు మించి దిగిపోయేది. కాబట్టి మనం విన్నది శ్రుతి చెడని, లయ నిదానించిన పాట. దాని మీద ఇంకో మార్పు ఉంది. ఫ్యామికామ్ ధ్వని భాగంలో రెండు వాయిద్యాలు చతురస్రపు అలలను పుట్టిస్తాయి. అల పైన ఉండే కాలం మొత్తంలో సగమైతే అందులో సరిసంఖ్య అనుస్వరాలు ఉండవు, ధ్వని గుల్లగా, గుండ్రంగా వినిపిస్తుంది. పావు వంతైతే ఆ సరిసంఖ్య అనుస్వరాల్లో సగం తిరిగి చేరి ధ్వని పలచగా, ముక్కుతో పలికినట్టు వస్తుంది. చాలా క్లోన్ చిప్పుల్లో ఈ రెండింటి తీగలూ తారుమారయ్యాయి. ఆట సగం కావాలంటే పావు, పావు కావాలంటే సగం. ఆట రాసిన సంగీతకారుడు గుల్లగా వినిపించాలనుకున్న పాట మన ఇళ్లలో ముక్కుతో పలికింది. ఆ పలుకే మనకు చిన్ననాటి పలుకు.

హెచ్‌డీ టీవీ పెట్టిన చిక్కు

పాత డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ పుంజం తెరను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీతలుగా వెలిగిస్తుంది. ఆట యంత్రం వోల్టేజీ పంపిన క్షణానే ఆ చుక్క తెర మీద వెలుగుతుంది. నడుమ దాచుకునే చోటే లేదు కాబట్టి ఆలస్యం లేదు. దూరదర్శన్ బొమ్మలో సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఇంకోసారి వస్తాయి. ఆట యంత్రం మాత్రం ప్రతిసారీ అవే గీతల మీద కొత్త బొమ్మ గీస్తుంది. డబ్బా టీవీ దాన్ని మారుమాట లేకుండా చూపించింది.

హెచ్‌డీ టీవీ అలా చేయదు. వచ్చిన సంకేతాన్ని అంకెలుగా మార్చి, పోగు చేసి, ఇది సరి బేసి గీతల బొమ్మే అనుకుని రెండేసి క్షేత్రాలను కలిపి కుడుతుంది, తరువాత సాగదీస్తుంది, అంచులు నునుపు చేస్తుంది. ఈ పనులకు పదుల మిల్లీసెకన్లు పడుతుంది. మీట నొక్కాక రెండు మూడు ఫ్రేములు గడిచి మారియో గెంతుతాడు. దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము విడిచి ఫ్రేము మినుకుమనాల్సిన బొమ్మ మొత్తంగా మాయమైపోతుంది, లేదా దువ్వెన పళ్లలా చీలుతుంది.

బాతుల ఆట అసలే నడవదు. చాలా పెట్టెలతో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ వచ్చేది. అది కాల్చదు, చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేము పాటు తెరంతా నల్లగా చేసి, తరువాతి ఫ్రేములో బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం వేస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకానికి ఆ ఫ్రేములోనే వెలుగు కనిపిస్తే గురి తగిలినట్టు. పైగా బల్బు వెలుగుకు మోసపోకుండా, ఎలక్ట్రాన్ పుంజం గీతలు గీసే 15 కిలోహెర్ట్జుల మినుకును మాత్రమే పట్టేలా దాన్ని అమర్చారు. ఎల్‌సీడీ తెరలో ఆ మినుకూ లేదు, వేళకు వచ్చే వెలుగూ లేదు.

కాబట్టి పాత పెట్టెను కొత్త టీవీకి తగిలించడం కంటే, హెచ్‌డీఎంఐ తీగలోంచి సరైన బొమ్మను సరైన వేళకు పంపే కొత్త పెట్టె కట్టడం మేలని ఇంజినీర్లకు తోచింది. ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి.

ఒకటి ఎమ్యులేటర్. మామూలు కంప్యూటర్ చిప్పు మీద పాత యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రామ్ నడపడం. నింటెండో తానే 2016 నవంబరులో 30 ఆటలతో విడుదల చేసిన ఎన్‌ఈఎస్ క్లాసిక్ ఇలాంటిదే, లోపల లినక్స్ నడిచే చిన్న ఏఆర్‌ఎం చిప్పు ఉంది. చౌక, బొమ్మ చక్కగా ఉంటుంది, చాలామందికి ఇది చాలు. చిక్కెక్కడంటే, పాత యంత్రంలో ప్రాసెసరూ బొమ్మ చిప్పూ ధ్వని భాగమూ ఒకే క్షణంలో, ఒకే స్ఫటికం లయలో పనిచేశాయి. ప్రోగ్రామ్ వాటిని ఒకదాని తరువాత ఒకటిగా నటించాలి. ప్రతి చుక్క దగ్గరా ఆగి సరిచూసుకుంటే గాని తేడాలు పోవు, అలా ఆగడానికి విపరీతమైన వేగం కావాలి. బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రాసి, తరువాత నియర్ అన్న పేరుతో తెలిసిన ప్రోగ్రామర్ 2011లో ఈ సంగతి వివరంగా రాశారు: 1990 నాటి సూపర్ నింటెండోను తు.చ. తప్పకుండా అనుకరించడానికి 3 గిగాహెర్ట్జుల ప్రాసెసర్ కావాల్సి వచ్చిందని.

రెండోది ఎఫ్‌పీజీఏ. పేరును విడమరిస్తే ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అరే. మిరప చేలో ఒక్క కూలీ అన్ని సాళ్లూ తానే కోయాలంటే ఎంత చురుకైన చేయి అయినా ఒక సాలు నుంచి ఇంకో సాలుకు పరుగెత్తాల్సిందే, ఎమ్యులేటర్ పని అది; ముఠా దిగి సాలుకో మనిషి నిలబడి మేస్త్రీ కేకకు అందరూ ఒకేసారి ముందుకు కదిలితే అది ఎఫ్‌పీజీఏ. ఈ చిప్పులో వేల కొద్దీ చిన్న చిన్న గదులు ఉంటాయి. ఒక్కో గదిలో ఒక జవాబుల పట్టీ. నాలుగు తీగలు లోపలికి వస్తే వాటి మీద సున్నా, ఒకటి పదహారు రకాలుగా కుదురుతాయి. ఏ కుదురుకు ఏ జవాబివ్వాలో పదహారు బిట్లలో రాసిపెడితే ఆ గది ఏ తర్క ద్వారంగా కావాలంటే ఆ ద్వారంగా మారిపోతుంది. పక్కనే ఒక్క బిట్టును గుర్తుపెట్టుకునే ఫ్లిప్‌ఫ్లాప్. గదుల నడుమ తీగలను కలిపే, విడదీసే స్విచ్చులు కోకొల్లలు. వెరిలాగ్ లేదా వీహెచ్‌డీఎల్ భాషలో వలయాన్ని వర్ణిస్తే, సాధనం ఆ వర్ణనను ఈ పట్టీలుగా, స్విచ్చులుగా మార్చి చిప్పులో నింపుతుంది. ప్రోగ్రామ్ ఏదీ నడవదు. చిప్పే ఆ వలయం అవుతుంది. కరెంటు తీసేస్తే అది ఖాళీ, మళ్లీ నింపితే ఇంకో యంత్రం.

మొదటి ఎఫ్‌పీజీఏ జైలింక్స్ కంపెనీ 1985లో తెచ్చిన ఎక్స్‌సీ2064. గదులు 64. ఈనాడు ఆట యంత్రాలను మళ్లీ కట్టేవాళ్లు ఎక్కువగా వాడే డీఈ10 నానో బోర్డు మీది సైక్లోన్ వీ చిప్పులో లక్షా పది వేల తర్క కణాలు ఉన్నాయి. ఫ్యామికామ్ ప్రాసెసర్‌కు మూలమైన 6502లో ఉన్నవి దాదాపు 3,500 ట్రాన్సిస్టర్లు. 1975లో చక్ పెడిల్, బిల్ మెన్ష్ బృందం దాని పటాన్ని చేత్తో గీసింది.

గదులు ఎన్ని ఉన్నా పాత చిప్పు లోపల ఏముందో తెలియకపోతే నింపేది ఏమిటి? నింటెండో పటాలు ఇవ్వలేదు. ఉత్సాహవంతులు పాత చిప్పుల మూత కరిగించి, లోపలి సిలికాన్‌ను సూక్ష్మదర్శిని కింద ఫొటోలు తీసి, ఒక్కో తీగనూ ట్రాన్సిస్టర్‌నూ గుర్తించి పటం గీశారు. విజువల్6502 ప్రాజెక్టు 2010లో ఇలా 6502 మొత్తాన్నీ కళ్లకు కట్టించింది. ఫ్యామికామ్ కోసం రికో కంపెనీ చేసిన ప్రాసెసర్‌లోనూ ఆ 6502 అలాగే కనిపించింది, దశాంశ లెక్కల భాగాన్ని మాత్రం పనిచేయకుండా తెగ్గొట్టారు. కాబట్టి ఎఫ్‌పీజీఏ అనగానే అచ్చం అసలు అని నమ్మకండి. వలయాన్ని వర్ణించిన మనిషికి తెలిసినంత మేరకే అది అసలుకు దగ్గర. నా లెక్కలో ఇది కూడా అనుకరణే, మార్గం వేరు. మంచి ఎమ్యులేటర్ చెడ్డ ఎఫ్‌పీజీఏ కంటే నిజాయితీగా ఉంటుంది. ఎఫ్‌పీజీఏకి నిజంగా ఉన్న బలం వేళ. ఫ్రేమంతా దాచుకోకుండా కొద్ది గీతలు మాత్రమే దాచుకుని హెచ్‌డీఎంఐలోకి పంపగలదు. ఒక గీతకు పట్టేది 64 మైక్రోసెకన్లే.

యూటొరెంట్ రాసిన స్వీడన్ ప్రోగ్రామర్ లుడ్విగ్ స్ట్రిగేయస్ ఎన్‌ఈఎస్‌ను ఎఫ్‌పీజీఏ మీద కట్టి, ఆ కోడ్‌ను అందరికీ ఇచ్చారు. పాత యంత్రాలను ఎఫ్‌పీజీఏ మీద కట్టడానికి అలెక్సీ మెల్నికోవ్ 2017లో మొదలుపెట్టిన మిస్టర్ ప్రాజెక్టులోని ఎన్‌ఈఎస్ దాని మీద పెరిగినదే. వ్యాపారంగా చేసినవాళ్లలో అనలాగ్ కంపెనీ పేరు పెద్దది. కెవిన్ హోర్టన్ రూపకల్పనతో 2017లో వచ్చిన ఎన్‌టీ మినీ, అల్యూమినియం ఒంటితో, 449 డాలర్లు. తరువాత సూపర్ ఎన్‌టీ, మెగా ఎస్‌జీ, 2021 చివర్లో చేతిలో పట్టుకునే పాకెట్. ఎన్‌టీ మినీకి రెండు నోళ్లు ఉన్నాయి: అమెరికా క్యాసెట్ల 72 పిన్నులది, జపాన్ క్యాసెట్ల 60 పిన్నులది. మన క్యాసెట్లు జపాన్ కొలతవే, రెండో నోట్లో పడతాయి.

హెచ్‌డీ టీవీ కోసం కట్టేటప్పుడు ఇంకో రెండు తగాదాలు తీర్చాలి. ఆట బొమ్మకు 240 గీతలు. 720 గీతల టీవీకి ఒక్కో గీతను మూడు చేస్తే సరి, రెట్రోయూఎస్‌బీ 2016లో చేసిన ఏవీఎస్ పెట్టె అందుకే 720 దగ్గరే ఆగింది. 1080కి నాలుగున్నర రెట్లు కావాలి, అర గీత ఉండదు. నాలుగు రెట్లు చేస్తే అంచులు ఖాళీ, అయిదు రెట్లు చేస్తే 24 గీతలు తెర బయటికి పోతాయి. 4కే టీవీలో 2160 గీతలు, సరిగ్గా తొమ్మిది రెట్లు. ఇక ఫ్రేములు. జపాన్ యంత్రానివి 60.1, హెచ్‌డీఎంఐ టీవీ ఆశించేది 60. ఉన్నదున్నట్టు పంపితే దాదాపు పది సెకన్లకో ఫ్రేము పారేయాలి, నడక తడబడుతుంది. యంత్రాన్నే వెయ్యింట రెండు వంతుల కంటే తక్కువ నెమ్మదింపజేస్తే ఎవరికీ తెలియదు. ఆ రెండో దారే మంచిదని నా అభిప్రాయం.

రంగు మాత్రం తీరని తగాదా. ఫ్యామికామ్ బొమ్మ చిప్పు ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా పుట్టించదు. నేరుగా టీవీ సంకేతపు వోల్టేజీనే పుట్టిస్తుంది, రంగేదో టీవీ తేల్చుకుంటుంది. మారియో వెనక ఆకాశం ఒనిడాలో ఒక నీలం, పక్కింటి ఈసీ టీవీలో ఇంకో నీలం. హెచ్‌డీఎంఐకి మాత్రం ఖచ్చితమైన అంకెలివ్వాలి. ప్రతి కొత్త యంత్రంలోనూ ఉన్న రంగుల పట్టిక ఒక మనిషి ఎంపిక. ఇదే అసలు నీలం అని చెప్పగలవాళ్లు ఎవరూ లేరు.

మన లెక్కకు ఉన్న పేరు

2018 డిసెంబరులో సోనీ 20 ఆటలతో ప్లేస్టేషన్ క్లాసిక్ అమ్మింది. అందులో తొమ్మిది ఆటలు యూరప్ కూర్పులు, 50 ఫ్రేములవి. టెకెన్ 3 నత్తనడక నడుస్తోందని అమెరికా ఆటగాళ్లు గట్టిగా నొచ్చుకున్నారు. వాళ్ల చిన్నతనం 60 ఫ్రేములది కాబట్టి ఆ నొప్పి న్యాయమైనదే. అదే న్యాయం మనకూ వర్తించాలి. 60 ఫ్రేముల మారియోను మన చేతిలో పెట్టి, నువ్వు ఆడింది ఇదే అంటే అది నిజం కాదు.

మిస్టర్‌లోని ఎన్‌ఈఎస్‌లో వ్యవస్థను ఎంచుకునే చోట ఎన్‌టీఎస్‌సీ, పాల్ తరువాత మూడో పేరు ఒకటి ఉంటుంది: డెండీ. 15తో భాగించే ప్రాసెసర్, 312 గీతలు, పిలుపుకు ముందు ఖాళీ గీతలు, అంతా యూఎంసీ చిప్పు లెక్కే. డెండీ అనేది 1992లో స్టీప్లర్ కంపెనీ రష్యాలో అమ్మిన క్లోన్ పేరు. అక్కడ ఆ పేరు ఇంటింటికీ తెలుసు, దాన్ని ఆడిన పిల్లలు పెద్దవాళ్లై చిప్పులు విప్పి కొలిచారు, ఆ పేరే ప్రపంచానికి ప్రమాణమైంది. సమురాయ్ అనో లిటిల్ మాస్టర్ అనో ఆ పట్టికలో ఉండేది, మనవైపు నుంచి ఎవరైనా ముందుగా కొలిచి రాసి ఉంటే. నాకిది నిజంగా లోటుగానే అనిపిస్తుంది. క్లోన్లను దొంగ సరుకని తోసేశాం. క్యాసెట్లలోని ఆటలు అనుమతి లేనివన్న మాట వాస్తవం, ఆ ఆటల కాపీరైట్ ఇప్పటికీ ఉంది. కానీ జపాన్ లెక్కను పాల్ టీవీలో కూర్చిన ఆ చిప్పు అసలైన ఇంజినీరింగ్. నిజానికి పాత ఆట యంత్రాన్ని మరో చిప్పులో తిరిగి కట్టడమనే పని అనలాగ్‌తో మొదలు కాలేదు, మన టీవీ కింద ఉన్న పెట్టెలోనే అప్పటికే జరిగిపోయింది.

డెండీ ఎంచుకుంటే హెచ్‌డీ టీవీకి 50.007 ఫ్రేములు వెళ్లాలి. అమెరికాలో అమ్మే టీవీల్లో చాలావాటికి 50 రుచించదు. మనకు ఆ బెంగ లేదు. ఇక్కడి హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సులు పంపేది 50 హెర్ట్జులే, మన దగ్గర అమ్మే టీవీలు దాన్ని తీసుకుంటాయి. బొమ్మ ఎత్తు 288 గీతల లెక్కన తగ్గించి పెడితే పొట్టి మారియో కూడా తిరిగి వస్తాడు. ధ్వనిలో సగం, పావు తారుమారు చేయడం వెరిలాగ్‌లో రెండు విలువల చోటు మార్చడమంత చిన్న సవరణ.

ఇది దూరదేశపు విద్య కాదు. జైలింక్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద పరిశోధన కేంద్రం ఉండేది, 2022లో కంపెనీ ఏఎండీలో కలిసింది. పిడుగురాళ్ల మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సుల్లో ఈసీఈ చదివిన పిల్లలు వెరిలాగ్ పుస్తకాలతోనే వెళుతున్నారు. వాళ్లలో ఎవరికైనా ఫైనలియర్ ప్రాజెక్టు కావాలంటే ట్రాఫిక్ లైట్ల కంట్రోలర్‌ను పక్కన పెట్టి దీన్ని ఎత్తుకోమంటాను. మొదలు చిన్నదే: 0 నుంచి 340 దాకా లెక్కించే కౌంటర్ ఒకటి, అది నిండినప్పుడల్లా ఒకటి పెరిగి 311 దగ్గర తిరిగి సున్నా అయ్యే కౌంటర్ ఇంకొకటి. మొదటి 240 గీతల్లో బొమ్మ, 291వ గీత దగ్గర ప్రాసెసర్‌కు పిలుపు.

కొలతలకు అటక మీది పెట్టెలు కావాలి. అడుగు మరలు విప్పితే బోర్డు మీద స్ఫటికం వెండి డబ్బీలో ఉంటుంది, దాని మీద అంకె చెక్కి ఉంటుంది. 26.6 ఉంటే 50 ఫ్రేముల యంత్రం, 21.477 ఉంటే 60ది. పాత రకం బోర్డులో యూఏ6527పీ, యూఏ6538 అని రెండు పొడవాటి చిప్పులు కనిపిస్తాయి. తరువాతి రకంలో అన్నీ ఒకే చిప్పులో కలిపేసి, పైన నల్లటి ఎపాక్సీ ముద్ద పోశారు. ఆ ముద్దల్లో ఏది సగాన్ని సగంగా పలుకుతుందో, ఏది పావుగా పలుకుతుందో ధ్వని పిన్ను దగ్గర ఆసిలోస్కోప్ పెట్టి ఒక్కో పెట్టెకూ విడిగా చూడాలి. చూసిన అల ఫొటో, స్ఫటికం మీది అంకె, అట్టపెట్టె మీది పేరు మూడూ కలిపి భద్రపరచాలి. విప్పేది ఆట పెట్టెనే, డబ్బా టీవీని కాదు. రంగుల పిక్చర్ ట్యూబులో పాతిక వేల వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా అది చాలాసేపు దిగదు.